ఎర్ర గౌను పాప ముందు పావుగంట: అమెరికా తొలినాటి జానపద చిత్రాల్లో పిల్లల్ని చూడటం ఎలా

అమెరికాలో కాస్త పెద్ద మ్యూజియం ఏదైనా తీసుకోండి, పాత అమెరికా గదుల్లో ఎక్కడో ఒకచోట ఈ పిల్లలు తగులుతారు. ముఖం పెద్దది, ఒళ్లు చిన్నది. వేళ్లు కొయ్యతో చెక్కినట్టుంటాయి. పాదాలు నేలకి ఆనినట్టే ఉండవు. కళ్లు మాత్రం తిన్నగా మనల్నే చూస్తుంటాయి. "బొమ్మలు వేయడం రానివాళ్లు వేసినవి" అని ఒక మాట అనేసి మనవాళ్లు పక్క గదిలోకి, పేరున్న చిత్రకారుల దగ్గరికి వెళ్లిపోతారు. నేనూ చాన్నాళ్లు అలాగే దాటిపోయాను. ఒకసారి మా పాప కాళ్లు నొప్పులంటూ బెంచీ మీద కూలబడింది. ఎదురుగా ఇలాంటి బొమ్మే ఉంది. వేరే పని లేక పావుగంట దాన్నే చూశాను. మా పాప కూడా చూసి, "ఈ పాపకి కూడా కాళ్లు నొప్పి పుట్టినట్టున్నాయమ్మా" అంది. ఆ మాట విన్నాకే అక్కడ నిలబడి ఉన్నది ఒక పిల్ల అని నాకు తట్టింది.

ఆ పావుగంట ఎలా గడపాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఈ బొమ్మల సంగతి కొంచెం. ఇవి ఎక్కువగా 1670ల నుంచి 1850ల దాకా మసాచుసెట్స్, కనెటికట్, మెయిన్, న్యూయార్క్, మేరీలాండ్ ప్రాంతాల్లో వేసినవి. ఫోటో తీసే మొదటి పద్ధతి, డాగెరోటైప్, లోకానికి తెలిసింది 1839లో. అంతకుముందు బిడ్డ రూపం మిగుల్చుకోవాలంటే బొమ్మ వేయించుకోవడం ఒక్కటే దారి. నగరాల్లో డబ్బున్నవాళ్లకి చదువుకున్న చిత్రకారులు ఉండేవారు. చిన్న ఊళ్లలో రైతులు, షాపులవాళ్లు, డాక్టర్లు, చర్చి పెద్దలు మాత్రం ఊరూరూ తిరిగే పనివాళ్లతో వేయించుకునేవారు. వీళ్లలో కొందరు దుకాణాల బోర్డులూ బండ్లూ ఇంటి గోడలూ కూడా రంగులేసిన చేతులవాళ్లే. వీళ్లని లిమ్నర్లు అనేవారు. జానపద కళాకారులన్న పేరు వీళ్లకి చాలా తర్వాత పెట్టింది. ప్రదర్శనలు ఏర్పాటు చేసే హోల్గర్ కాహిల్ 1930లో న్యూజెర్సీలోని నూవార్క్ మ్యూజియంలో వీటిని ప్రదర్శించినప్పుడు "అమెరికన్ ప్రిమిటివ్స్" అన్నాడు, ఆ తర్వాత జానపద కళ అన్నారు. వేసినవాళ్లు మాత్రం తమని తాము చిత్రకారులమనే అనుకున్నారు, అదే వాళ్ల బతుకుతెరువు.

మొదటి మెట్టు: పక్కనున్న చీటీ చదవకండి

ఒక్క బొమ్మ ఎంచుకోండి. గదిలో ఇరవై ఉన్నా ఒక్కటే. పక్కన గోడమీద అంటించిన వివరాల చీటీ వైపు ఇంకా చూడొద్దు. రెండు నిమిషాలు దూరంగా, రెండు నిమిషాలు దగ్గరగా, మళ్లీ దూరంగా నిలబడి చూడండి. పిల్లల్ని తీసుకెళితే వాళ్ల ఎత్తుకి కూర్చుని చూడండి. బొమ్మలోని పిల్లల కళ్లు అప్పుడు మన కళ్లకి సరిగ్గా ఎదురవుతాయి.

నేను ఎవరికైనా మొదట చూపించేది ఎర్ర గౌను పాపని. పిల్లీ కుక్కా ఉన్న ఈ బొమ్మని 1830-35 మధ్య అమీ ఫిలిప్స్ వేశాడు. అమీ అన్నా మగవాడే. న్యూయార్క్‌లో లింకన్ స్క్వేర్ దగ్గరున్న అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియం సొత్తు. 1998లో అమెరికా పోస్టల్ శాఖ స్టాంపుగా కూడా వేసింది. కాబట్టి ఎక్కడో ఒకచోట మీరు చూసే ఉంటారు.

దూరం నుంచి చూస్తే కనిపించేది ఒక ఎర్ర ముద్ద. వెనకంతా చీకటి. ఆ చీకట్లో గౌను ఒక పెద్ద ఎర్రటి ఆకారంగా తెరుచుకుని ఉంటుంది. భుజాల దగ్గర వెడల్పు, కింద ఇంకా వెడల్పు. ఇప్పుడు దగ్గరికి రండి. గౌను అంచు కింద తెల్లటి లేసు లాగుల అంచులు కనిపిస్తాయి. మెడలో పగడాల దండ. ఒళ్లో తెల్ల పిల్లి, పాప దాన్ని చేత్తో పొదివి పట్టుకుంది. పాదాల దగ్గర కుక్క, చీకటి రంగులో దాదాపు కలిసిపోయి. చాలామందికి కుక్క ఉన్న సంగతి చివరికిగానీ తెలియదు. తెలుపు ఎక్కడెక్కడ పెట్టాడో వేలితో గాల్లో గీసుకోండి: ముఖం, భుజాలు, పిల్లి, లేసు. ఆ తెలుపు మన చూపుని ముఖం నుంచి కిందికి దింపి, మళ్లీ పైకి తీసుకొస్తుంది. ఇది చేతకాని చెయ్యి చేసే పని కాదు. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి.

ఇలా ఎర్ర గౌనులో ఉన్న పిల్లల బొమ్మలు ఫిలిప్స్ వేసినవి నాలుగు తెలుసు. ఒక్క బొమ్మని బాగా చూశాక మిగతావి కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చూడండి. ఏది పదేపదే వస్తోంది, ఏది ఈ ఒక్క పిల్లదే అన్నది అప్పుడు తేలుతుంది.

రెండో మెట్టు: నీడ ఎందుకు లేదో కనుక్కోండి

మనకి ఇవి చదునుగా, పేపరు కత్తిరించి అంటించినట్టు కనిపించడానికి కారణం నీడలు లేకపోవడం. ముక్కు పక్కన ఒక గీత, గడ్డం కింద ఒక గీత, అంతే. చిత్రకారుడికి రాక ఇలా వేశాడా? విలియం మాథ్యూ ప్రయర్ (1806-1873) అనే ఆయన సంగతి చూస్తే జవాబు దొరుకుతుంది. 1831లో మెయిన్ రాష్ట్రంలో ఒక పత్రికలో ఆయన ప్రకటన ఇచ్చాడు: చదును బొమ్మ కావాలనుకునేవాళ్లకి నీడలు లేకుండా నాలుగో వంతు ధరకే వేసి ఇస్తాను అని. అంటే నీడలు వేయడం ఆయనకి వచ్చు. దానికి వేరే రేటు. తర్వాత బోస్టన్లో ఉంటూ బొమ్మల వెనక అంటించిన చీటీల మీద ఇంకా సూటిగా రాశాడు: ఈ తరహా బొమ్మ సుమారు గంటసేపు కూర్చుంటే అయిపోతుంది, ధర ఫ్రేమూ అద్దంతో కలిపి 2 డాలర్ల 92 సెంట్లు.

కాబట్టి బొమ్మ చూసేటప్పుడు "ఎంత బాగా వేశాడు" అని కాదు, "ఎంతసేపట్లో, ఎంతకి వేశాడు, ఎక్కడ ఖర్చుపెట్టాడు, ఎక్కడ మిగుల్చుకున్నాడు" అని అడగండి. ప్రయర్ చిన్న బొమ్మల్లో చేతులు ఒకటి రెండు కుంచె గీతల్లో తేల్చేస్తాడు. ముఖం దగ్గర మాత్రం ఆగుతాడు. తల్లిదండ్రులకి కావలసింది ఆ ముఖమే మరి. మన ఊళ్ల పెళ్లి ఫోటోగ్రాఫర్లు ఒక్కో ప్యాకేజీకి ఒక్కో రేటు చెప్పినట్టే, ఇక్కడా రకరకాల ధరలుండేవి. రూఫస్ పోర్టర్ (1792-1884) అనే తిరుగుడు చిత్రకారుడు పక్కనుంచి కనిపించే ముఖాన్ని కాగితంలో కత్తిరించి 20 సెంట్లకి ఇచ్చేవాడు. రంగుల్లో ఎదురుగా కనిపించే ముఖానికి 3 డాలర్లు, ఏనుగు దంతం మీద వేసే చిన్న బొమ్మకి 8 డాలర్లు తీసుకునేవాడు. తర్వాత ఈయనే 1845లో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక మొదలుపెట్టాడు.

ఈ పనిని చదువుకున్న చిత్రకారులు ఎలా చూశారో తెలుసుకోవాలంటే జాన్ వాండర్‌లిన్ 1825లో రాసిన ఉత్తరం చాలు. పారిస్‌లో నేర్చుకుని వచ్చిన పెద్ద చిత్రకారుడాయన. మళ్లీ జీవితం మొదలుపెడితే నేనూ చవగ్గా, పైపైన వేసే బొమ్మలతోనే బతికేవాణ్ణి అని రాస్తూ, ఊరూరూ తిరిగే ఫిలిప్స్‌ని ఉదాహరణగా చెప్పాడు. ఆ మాటలో చిన్నచూపు ఉంది, కొంచెం అసూయ కూడా ఉందని నాకనిపిస్తుంది.

ఇక్కడే ఒక పుకారుని కూడా వదిలించుకోండి. చలికాలంలో తలలు లేని ఒళ్లు ముందే వేసి పెట్టుకుని, ఎండాకాలంలో ఊళ్లు తిరిగి తలలు అతికించేవాళ్లని చాలాచోట్ల చెబుతారు, కొన్నిచోట్ల గైడులు కూడా. దానికి ఆధారం లేదు. ఒకే భంగిమ, ఒకే రకం గౌను మళ్లీ మళ్లీ వాడేవాళ్లన్నది మాత్రం నిజం. ఆ రెండూ వేర్వేరు సంగతులు.

మూడో మెట్టు: అబ్బాయా, అమ్మాయా?

మా ఇంట్లో మా నాన్న నాలుగేళ్లప్పటి ఫోటో ఒకటుంది. తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించే ముందు, ఉన్న జుట్టుకి సవరం కలిపి పూలజడ వేసి, మేనత్త పరికిణీ కట్టి, జడ కూడా కనబడేలా వెనక అద్దం పెట్టి ఊళ్లో స్టూడియోలో తీయించారు. ఆ ఫోటో చూసినవాళ్లంతా "ఎవరీ పాప" అనే అడుగుతారు. అమెరికా బొమ్మల ముందు కూడా మనం చేసే మొదటి పొరపాటు ఇదే. కారణం మాత్రం వేరు. మనవాళ్లది ఒక్కరోజు ముచ్చట, వాళ్లది రోజూ కట్టే బట్ట. ఆ రోజుల్లో మగపిల్లలకి కూడా నాలుగు నుంచి ఏడేళ్లు వచ్చేదాకా గౌన్లే వేసేవారు. ఆ తర్వాత మొదటిసారి లాగు తొడగడం ఇంట్లో ఒక పండగలాంటిది. కాబట్టి గౌను చూసి అమ్మాయి అనుకోవద్దు.

ఎలా తేల్చుకోవాలి? మూడు ఆనవాళ్లు చూడండి. జుట్టు పాపిడి నడిమధ్యన ఉంటే చాలావరకు అమ్మాయి, పక్కకి ఉంటే చాలావరకు అబ్బాయి. ఈ లెక్క 19వ శతాబ్దం బొమ్మలకి పనికొస్తుంది. రెండోది చేతిలో వస్తువు. కొరడా, సుత్తి, బొమ్మ గుర్రం, చిన్న బండి ఉంటే అబ్బాయి అనుకోవచ్చు. బొమ్మపిల్ల, పూలబుట్ట ఉంటే అమ్మాయి. మూడోది ఇంకా పాత బొమ్మల్లో పనికొచ్చేది: చేతి తొడుగులు, చేతికర్ర. బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో రాబర్ట్ గిబ్స్ అనే నాలుగున్నరేళ్ల అబ్బాయి బొమ్మ ఉంది, 1670 నాటిది. పొడుగు పావడా, భుజాల వెనక నుంచి వేలాడే ఉత్తుత్తి చేతులు. చేతిలో తొడుగులు చూస్తేగానీ అబ్బాయని తెలియదు.

అదే ఏడాది వేసిన మేసన్ పిల్లలు శాన్‌ఫ్రాన్సిస్కోలో డి యంగ్ మ్యూజియంలో ఉన్నారు. డేవిడ్, జొవానా, అబిగైల్. సంవత్సరం, ఒక్కొక్కరి వయసు కాన్వాసు మీదే రాసి ఉన్నాయి. వాళ్ల చేతుల మీద బట్టని చీల్చి లోపలి తెల్ల బట్ట కనిపించేలా కుట్టిన చోటు చూడండి. ఒక్కో చేతికి ఒక్కటే చీలిక. అది ఊరికే కుట్టింది కాదు. మసాచుసెట్స్‌లో కఠిన నియమాల క్రైస్తవులైన ప్యూరిటన్లు 1634లో ఆడంబరం మీద చట్టం చేశారు, చేతికి ఒక్క చీలికకి మించి ఉండకూడదని. డబ్బుందని చూపించాలి, చట్టం దాటకూడదు. ముగ్గురు చిన్నపిల్లల బట్టల్లో ఆ జాగ్రత్త అంతా కనిపిస్తుంది.

తేదీ పట్టుకోవడానికి కూడా బట్టలే దారి. నడుము చంకల కింద దాకా పైకి వచ్చి, పల్చటి తెల్ల నూలు గౌను ఉంటే 1800-1815 చుట్టుపక్కల. భుజాలు దాటి వెడల్పుగా జారిన మెడ, ఉబ్బిన చేతులు ఉంటే 1830లు. గౌను కింద లేసు లాగులు బయటికి కనిపిస్తే 1820ల తర్వాత. అబ్బాయి ప్యాంటుని చొక్కా కోటుకే గుండీలతో బిగించి ఉంటే 1780ల నుంచి 1830 లోపు. ఈ నాలుగూ గుర్తుంటే చీటీ చూడకుండానే కాలం సుమారుగా చెప్పేయొచ్చు.

నాలుగో మెట్టు: మెడ, చెయ్యి, పాదం

పగడాల దండతో మొదలుపెట్టండి. ఈ బొమ్మల్లో ఎంతమంది పిల్లల మెడలో పగడాలుంటాయో లెక్కపెడితే ఆశ్చర్యపోతారు. మనకి దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. పసిపిల్లలకి దిష్టి తగలకుండా, జబ్బు సోకకుండా పగడం కాపాడుతుందన్న నమ్మకం యూరప్‌లో ఎప్పటినుంచో ఉంది. మధ్యయుగాల చిత్రాల్లో బాల యేసు మెడలో కూడా పగడం వేశారు. పళ్లు వచ్చే పిల్లలు కొరుక్కోవడానికి వెండి పిడికి పగడం ముక్క బిగించి, మువ్వలు కట్టి ఇచ్చేవారు. అమెరికాకి ఆ అలవాటు అక్కడినుంచే వచ్చింది. 1830ల నాటికి ఆ నమ్మకం ఎంత మిగిలింది, నగగా ఎంత మారింది అన్నది ఇంటింటికీ వేరై ఉంటుంది. ప్రతి పగడం వెనకా ఒక భయం ఉందని చెప్పేయకండి. భయం మొదట ఎక్కడుందో మాత్రం మర్చిపోవద్దు.

తర్వాత చేతులు. వేళ్లు వేయడం కష్టం. చాలామంది చిత్రకారులు చేతిలో ఏదో ఒకటి పెట్టి ఆ కష్టం దాటేశారు. బాల్టిమోర్ చిత్రకారుడు జాషువా జాన్సన్ వేసిన ఎమ్మా వాన్ నేమ్ అనే పాప పక్కన తన ఎత్తుకి సరిపోయేంత పెద్ద గాజు గ్లాసులో స్ట్రాబెర్రీలున్నాయి. ఒకటి తీసి చేత్తో పట్టుకుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పిల్లని ఒక్కచోట నిలబెట్టడానికి ఏం చేయాల్సి వచ్చిందో అన్నం తినిపించిన తల్లులకి చెప్పనక్కర్లేదు.

ఇక పాదం. నాకు అన్నింటికన్నా ఇష్టమైన బొమ్మ న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్‌స్టౌన్ అనే చిన్న ఊళ్లో, ఫెనిమోర్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. 1807లో జాన్ బ్రూస్టర్ జూనియర్ వేశాడు. పేరు "వన్ షూ ఆఫ్". ఒక చిన్న పాప నిలబడి ఉంది. ఒక కాలికి చెప్పుంది, దాని మీద ముడి నీట్‌గా కట్టి ఉంది. రెండో చెప్పు చేతిలో ఉంది. ఉత్తకాలు వేళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా, గుండ్రంగా. కింద పరిచిన దాని మీది డిజైన్ చూడండి, ఆ వేళ్ల ఆకారాలే పెద్దవై నేలంతా పరుచుకున్నట్టుంటాయి. కాలి వేళ్ల మీద ఇంత శ్రద్ధ పెట్టినవాడు ఆ పిల్లని ఎంతసేపు చూసి ఉండాలి?

నేలని ఎప్పుడూ వదలకండి. రంగులు వేసి నేలమీద పరిచిన గుడ్డ, తివాచీ, నలుపు తెలుపు గళ్లు. ఎరాస్టస్ సాలిస్‌బరీ ఫీల్డ్ (1805-1900) బొమ్మల్లో తివాచీ నేలమీద పడుకోదు, గోడలా పైకి లేస్తుంది. 1839లో ఆయన వేసిన జోసెఫ్ మూర్ కుటుంబం దాదాపు ఏడడుగుల ఎత్తుంటుంది. మూర్ చలికాలం టోపీలు చేసేవాడు, వేసవిలో ఊళ్లు తిరుగుతూ పళ్ల డాక్టరు. బొమ్మలో నలుగురు పిల్లలుంటే ఇద్దరే వాళ్ల పిల్లలు, మిగతా ఇద్దరూ మూర్ భార్యకి తోబుట్టువైన, చనిపోయిన ఒకావిడ పిల్లలు. ఆ తేడా బొమ్మలో ఎక్కడైనా కనిపిస్తుందేమో వెతకండి. నాకు కనిపించలేదు, అందుకే ఆ బొమ్మంటే గౌరవం.

ఐదో మెట్టు: చావు గురించి తొందరపడకండి

ఆ రోజుల్లో పిల్లలు బతికి బట్టకట్టడమే పెద్ద విషయం. స్కార్లెట్ జ్వరం, డిఫ్తీరియా, విరేచనాలు ఒక్కో ఇంట్లో వరసగా ఇద్దరు ముగ్గుర్ని తీసుకుపోయేవి. అందుకే కొన్ని బొమ్మలు పిల్లలు చనిపోయాక వేసినవి. మసాచుసెట్స్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జోసెఫ్ వైటింగ్ స్టాక్ (1815-1855) అనే చిత్రకారుడు ఉండేవాడు. పదకొండేళ్లప్పుడు ఎద్దుబండి మీద పడి నడుము కింద చచ్చుబడిపోయింది. డాక్టరు ఒకాయన ఆయన కోసం చక్రాల కుర్చీ చేయించి ఇస్తే దాన్లో కూర్చుని పనిచేశాడు. 1832 నుంచి 1846 దాకా తను వేసిన బొమ్మలు రాసుకున్న లెక్క మిగిలి ఉంది, అందులో 900కి పైగా ఉన్నాయి. కొన్నింటి పక్కన శవాన్ని చూసి వేసినట్టు రాసుకున్నాడు. అయినా బొమ్మలో పిల్ల నిలబడి ఉంటుంది, కళ్లు తెరిచి, ఆటవస్తువుతో. తల్లిదండ్రులు అడిగింది అదే కదా.

ఇది తెలిశాక ప్రతి బొమ్మలోనూ చావే కనిపించడం మొదలవుతుంది. వాలిపోయిన పువ్వు, జారిన చెప్పు, కొమ్మలు వేలాడే విల్లో చెట్టు, దారం కట్టిన పిట్ట, చేతిలో గడియారం. వీటిని చావు గుర్తులని చెప్పే జాబితాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటిని నమ్మి "అయ్యో, ఈ పాప పోయింది" అని పిల్లలకి చెప్పేయకండి. చెప్పు విప్పేసే పిల్లలు బతికున్న ఇళ్లలోనే ఎక్కువ. చావు తర్వాత వేసిందని చెప్పాలంటే కుటుంబం కాగితమో, సమాధి మీది తేదీయో, చిత్రకారుడి లెక్కో ఉండాలి. గుర్తు ఒక్కటే ఉంటే ఆగిపోండి.

బ్రూస్టర్ 1805లో వేసిన ఫ్రాన్సిస్ వాట్స్ బొమ్మ దగ్గర ఇది ప్రయత్నించండి. ఇదీ ఫెనిమోర్‌లోనే ఉంది. పల్చటి తెల్ల గౌనులో బాబు. వేలి మీద పిట్ట, దాని కాలికి కట్టిన దారం బాబు చేతిలో. వెనక చెట్లూ కొండలూ అతని కాళ్ల ఎత్తుకి కూడా రావు. పిట్టని ఆత్మ అనేవాళ్లున్నారు, దారం తెగితే ఎగిరిపోతుందని. ఆ రోజుల్లో పిల్లలు పిట్టలకి దారం కట్టి ఆడుకునేవాళ్లు కూడా. రెండూ ఒక్కసారే మనసులో పెట్టుకుని చూడటం నేర్చుకుంటే చాలు, తేల్చాల్సిన పని లేదు.

చావుకి ఎదురు ఉదాహరణ ఒకటి చెప్పాలి. మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఆర్ట్ మ్యూజియంలో ఎలిజబెత్ ఫ్రీక్, ఆవిడ బిడ్డ మేరీ ఉన్న బొమ్మ ఉంది. ఎక్స్‌రే తీస్తే 1671 ప్రాంతంలో వేసినప్పుడు ఒళ్లో బిడ్డ లేదని తేలింది. 1674లో ఎనిమిదో సంతానంగా మేరీ పుట్టాక, అదే కాన్వాసు తీసి ఆర్నెల్ల పాపని తల్లి ఒళ్లో చేర్చి వేయించారు. కొత్త బొమ్మ వేయించుకోలేనివాళ్లు కాదు వాళ్లు. ఉన్న బొమ్మలోకే బిడ్డని తెచ్చుకున్నారు.

ఆరో మెట్టు: వేసిన చెయ్యిని గుర్తుపట్టండి

వీటిలో చాలావాటి మీద సంతకం ఉండదు. అందుకే చిత్రకారుల పేర్లు తెలియక, దొరికిన ఊరి పేరుతో పిలిచేవారు. 1924లో కనెటికట్‌లోని కెంట్ ఊళ్లో పాత కుటుంబాల ఇళ్లలోంచి తెచ్చి ప్రదర్శించిన బొమ్మలు చూసి, ముదురు రంగుల ఆ చెయ్యికి "కెంట్ లిమ్నర్" అని పేరు పెట్టారు. న్యూయార్క్ సరిహద్దు ఊళ్లలో 1810ల నాటి లేత, కలలాంటి రంగుల బొమ్మలకి "బోర్డర్ లిమ్నర్" అన్నారు. ఇద్దరూ వేర్వేరు మనుషులనే దశాబ్దాలు నమ్మారు. 1950ల చివర్లో బార్బరా, లారీ హోల్‌డ్రిజ్ అనే దంపతులు సంతకం ఉన్న ఒక బొమ్మ కొని, ఆ పేరు పట్టుకుని ఊళ్ల రికార్డులు తిరగేశారు. రెండు చేతులూ ఒక్కడివే, అమీ ఫిలిప్స్ (1788-1865). యాభై ఏళ్లు పనిచేసినవాడి చెయ్యి మధ్యలో మారింది, అంతే. బార్బరా చిత్రకళ పండితురాలు కాదు. కవుల గొంతులు రికార్డు చేసి అమ్మే కాడ్‌మన్ రికార్డ్స్ కంపెనీని స్థాపించిన ఇద్దరిలో ఒకరు. చెవి పట్టున్న మనిషి కన్ను కూడా అంత జాగ్రత్తగా వాడిందన్నమాట.

మీరూ చేయొచ్చు. ఒకే చిత్రకారుడి పిల్లల బొమ్మలు ఆరేడు దించుకుని, ముఖాలు కాకుండా చెవులు, ముక్కు గీత, గోళ్లు, కుర్చీ అంచు పోల్చండి. జాషువా జాన్సన్ కుర్చీల మీద ఇత్తడి మేకుల వరస ఎంత శ్రద్ధగా వేస్తాడంటే ఆయన్ని ఒకప్పుడు ఆ మేకుల పేరుతోనే పిలిచేవారు. బ్రూస్టర్ బొమ్మల్లో కళ్లు చూడండి. ఆయన (1766-1854) పుట్టుకతో చెవిటివాడు. సైగలతో, రాతతో మాట్లాడుతూ మెయిన్ అంతా తిరిగి పనిచేశాడు. 1817లో హార్ట్‌ఫర్డ్‌లో అమెరికాలో ఎక్కువకాలం నిలిచిన మొదటి బధిరుల బడి తెరిచినప్పుడు, 51 ఏళ్ల వయసులో, బాగా వృత్తి నడుస్తుండగా, వెళ్లి చేరి మూడేళ్లు చదువుకున్నాడు. ఎదుటి మనిషి ముఖం చూసే మాట గ్రహించాల్సినవాడు ఆ పిల్లల ముఖాల్ని అంత నిదానంగా వేయడం నాకు వింతగా అనిపించదు.

పిల్లల పేర్లు మాత్రం ఎక్కువగా పోయాయి. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌ మ్యూజియంలో, ఎర్ర కుర్చీలో నిద్రపోతున్న పసిబిడ్డ బొమ్మ ఒకటుంది. వేసినవాడి పేరు లేదు, బిడ్డ పేరు లేదు. మ్యూజియంవాళ్లు వెనక వైపు కూడా ఫోటో పెట్టి ఉంటే తప్పకుండా చూడండి. చెక్క ఫ్రేము మీద పెన్సిల్ రాత, అంటించిన చీటీ, ఎవరో మనవరాలు రాసిన రెండు ముక్కలు, చాలాసార్లు కథంతా అక్కడే ఉంటుంది. మా నాన్న ఫోటో వెనక ఏమీ లేదు. ఈ మధ్యే పెన్సిల్‌తో పేరు, ఊరు, సంవత్సరం రాశాను.

ఏడో మెట్టు: ఇక్కడ లేని పిల్లల గురించి అడగండి

బొమ్మ వేయించుకున్నది చాలావరకు తెల్లవాళ్లు. పక్క గదిలో ఉయ్యాల ఊపిన నల్లపిల్లల బొమ్మలు ఎవరూ వేయించలేదు. అందుకే జాషువా జాన్సన్ కథ తెలుసుకోకుండా ఈ గదులు దాటొద్దు. బాల్టిమోర్ రికార్డుల ప్రకారం బానిసగా పుట్టి 1782లో విడుదలయ్యాడు. అమెరికాలో వృత్తి చిత్రకారుడిగా మనకి తెలిసిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్. 1798లో పత్రికలో ఇచ్చిన ప్రకటనలో తనని తాను "స్వయంగా నేర్చుకున్న ప్రతిభావంతుడు" అని చెప్పుకున్నాడు, నేర్చుకోవడంలో దాటలేని అడ్డంకులెన్నో ఎదురయ్యాయని కూడా రాశాడు. ఆయన దగ్గర బొమ్మ వేయించుకున్న కుటుంబాల్లో బానిసలున్నవాళ్లూ ఉన్నారు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో 1807 ప్రాంతపు వెస్ట్‌వుడ్ పిల్లలు ఉన్నారు. ఒకే రకం ఆకుపచ్చ బట్టల్లో ముగ్గురన్నదమ్ములు, కింద పిట్టని నోట కరుచుకున్న నల్ల కుక్క. ఆ బొమ్మ ముందు నిలబడి, వేసినవాడి చిన్నతనం ఎలా గడిచి ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి.

బోస్టన్ మ్యూజియంలో ప్రయర్ 1854లో వేసిన కోప్‌లాండ్ అక్కచెల్లెళ్లు ముగ్గురున్నారు. నల్లజాతి వ్యాపారి కూతుళ్లు. పువ్వులు, పళ్లు, పుస్తకం, భుజాలు కనిపించే గౌన్లు, మిగతా అందరి పిల్లల్లాగే. ఆ తండ్రి డబ్బిచ్చి వేయించుకున్నాడు. అమెరికాలో బానిసత్వం ఇంకా నడుస్తున్న సంవత్సరం అది.

వెళ్లేముందు

న్యూయార్క్ ఫోక్ ఆర్ట్ మ్యూజియంకి, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి టికెట్ లేదు. వర్జీనియా వెళితే విలియమ్స్‌బర్గ్‌లో అబ్బీ ఆల్డ్రిచ్ రాక్‌ఫెల్లర్ ఫోక్ ఆర్ట్ మ్యూజియం ఉంది, 1957 నుంచి నడుస్తోంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు బెంగపడక్కర్లేదు: నేషనల్ గ్యాలరీ, మెట్రోపాలిటన్ రెండూ పాత బొమ్మల పెద్ద సైజు ఫోటోలు ఉచితంగా దించుకోనిస్తాయి. స్క్రీన్ మీద పెద్దది చేసుకుంటే లేసులో ఒక్కో చుక్కా కనిపిస్తుంది. సైజు మాత్రం తెలియదు కాబట్టి, కొలతలు చూసి గోడమీద పేపరు అంటించి అంత మేర గీసుకోండి. ఎర్ర గౌను పాప 30 అంగుళాల ఎత్తు, 25 అంగుళాల వెడల్పే.

పాత సామాన్ల షాపుల్లో ఇలాంటి బొమ్మ కనిపిస్తే ముచ్చటపడి కొనేయకండి. నకళ్లు బోలెడు. పాతవాటిలో కూడా ముఖం మీద తర్వాత రంగు పూసినవి ఉంటాయి. నిపుణుడికి చూపించనిదే డబ్బు ఇవ్వొద్దు.

ఒక్క ప్రయాణమే కుదిరితే కూపర్‌స్టౌన్ వెళ్లమంటాను. బేస్‌బాల్ మ్యూజియం కోసం పిల్లలెలాగూ ఆ ఊరు అడుగుతారు. ఫెనిమోర్ అక్కడికి దగ్గరే, సరస్సు ఒడ్డున. గోడల మీద బొమ్మలు మారుతుంటాయి. ఒంటి చెప్పు పాప ఆ రోజు పైన ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.